షాబాద్ బండ మీద కనిపించేది పురుగు రెక్కేనా? అంతరించిన జాలరెక్కల పురుగుల్ని రెక్క ఈనెల్ని బట్టి ఎట్లా గుర్తిస్తారు?

దేవరకొండ నుంచి బీఎస్సీ చదివే ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "సార్, మా కొత్త ఇంటికి వేసిన షాబాద్ బండల్లో ఒకదాని మీద అచ్చం రెక్కలాంటి నల్ల గీతలున్నాయి. కోట్ల ఏళ్ళ కింద అంతరించిన జాలరెక్కల పురుగుల్ని రెక్క ఈనెల్ని చూసే గుర్తిస్తారని చదివాను. తల, కాళ్ళు, ఒళ్ళు ఏమీ లేకుండా ఒక్క రెక్కతో పేరు ఎట్లా పెడతారు? మా బండ మీదున్నది కూడా అదేనా?"

ముందు సూటిగా జవాబు. నీ బండ మీదున్నది రెక్క కాదు తమ్మీ. ఇక రెండో ప్రశ్నకు: ఔను, ఒక్క రెక్కతో గుర్తించవచ్చు. కుటుంబం ఏదో ధైర్యంగా చెప్తాం, ప్రజాతి చాలాసార్లు చెప్తాం, జాతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం జంకుతూ చెప్తాం. జంకకుండా చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు పెట్టిన పేర్లలో కొన్ని తర్వాత ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి.

నేను నల్గొండవాణ్ణే. పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో పచ్చటి జాలరెక్కల పురుగుల్ని పట్టి, పెంచి, రెక్కలు విప్పి చూడటం ఇరవై ఏళ్ళకు పైగా నా పని. మన వ్యవసాయ పుస్తకాల్లో దీన్నే అల్లిక రెక్కల పురుగు అంటారు, పేనుబంకను తినే క్రైసోపెర్లా అంటే రైతులకూ తెలుసు. బతికున్నవాటి రెక్కలు తెలిసినవాడు కావాలని ఎవరో పిలిస్తే శిలాజాల వైపు వెళ్ళాను. కాబట్టి నేను చెప్పేదాంట్లో రాళ్ళ గురించి తక్కువ, రెక్కల గురించి ఎక్కువ ఉంటుంది.

అయినా బండ సంగతి ముందు తేల్చేద్దాం. షాబాద్ బండ, తాండూరు బండ అనేవన్నీ భీమా బేసిన్‌లో పేరుకున్న సున్నపురాయి. దామరచర్ల, మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వేది వేరే సున్నపురాయి, కానీ వయసులో అదీ ముసలిదే. రెండూ కేంబ్రియన్ కాలానికి ముందువి, అంటే కనీసం 54 కోట్ల ఏళ్ళ పైమాట. మీ దేవరకొండ గుట్టల గ్రానైటు ఇంకా పాతది, దాదాపు 250 కోట్ల ఏళ్ళది. అది నేల లోపల కరిగి చల్లారిన రాయి, అందులో శిలాజం అన్న మాటే లేదు. మరి రెక్కలున్న పురుగులు మొదట కనిపించేది ఎప్పుడు? సుమారు 32 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో. జాలరెక్కల పురుగులు ఆ తర్వాత, పెర్మియన్ కాలంలో వచ్చాయి. నీ బండ గట్టిపడి 20 కోట్ల ఏళ్ళు గడిచినా భూమ్మీద ఇంకా రెక్క అన్నది పుట్టలేదు.

ఆ గీతల్ని డెండ్రైట్లు అంటారు. మాంగనీసు, ఇనుము కలిసిన నీళ్ళు రాతి పొరల సందుల్లోకి ఇంకినప్పుడు ఆ ఖనిజం కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. నిన్ను తప్పుపట్టను. మా మేనత్త వాళ్ళింటి అరుగు బండ మీద ఇట్లాంటిదే ఒకటుండేది. అది ఫెర్న్ ఆకు అని పదో తరగతి దాకా నమ్మడమే కాదు, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాణ్ణి.

భూతద్దం పెట్టి నువ్వే చూసుకో. డెండ్రైట్ ఎక్కడో ఒక పగులు దగ్గరో బండ అంచు దగ్గరో మొదలై, చీలుకుంటూ పోతుంది. చీలిన కొమ్మలు మళ్ళీ కలవవు. రెక్కలో ఈనెలు చీలుతాయి, వాటిని అడ్డ ఈనెలు మళ్ళీ కలుపుతాయి, మధ్యలో మూసుకున్న గదులు ఏర్పడతాయి. రెక్కకు ఒక అంచుంటుంది, ఈనెలన్నీ అక్కడికి వచ్చి ఆగుతాయి. డెండ్రైట్‌కు అంచు లేదు, నీళ్ళు ఎంతవరకు ఇంకితే అంతవరకు. ఇంకో మాట, ఆసిడ్ పోసి పరీక్ష చెయ్యాలని చూడకు. సున్నపురాయి కాబట్టి బుసబుసమని పొంగుతుంది, దాంతో తెలిసేదేమీ లేదు, బండ మెరుపు పోయి ఇంట్లో తిట్లు తినడం తప్ప.

తెలంగాణలో అసలు పురుగుల శిలాజాలే లేవా అంటే, ఉన్నాయి. కానీ మన దక్షిణాన కాదు, ఉత్తరాన ప్రాణహిత-గోదావరి లోయలో. అక్కడి కోటా సున్నపురాయి పొరలు జురాసిక్ కాలానివి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం ఆ పొరల్లోదే. చేపలతోపాటు బొద్దింకల రెక్కలు కూడా వాటిలో దొరికాయి. మనకు దగ్గర్లో అంటే వికారాబాద్ జిల్లా నస్కల్. అక్కడ దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టిలో డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం పళ్ళు దొరికినట్టు 1988లో ప్రకటించారు. రాయి వయసు, రాయి పుట్టుక, ఈ రెండూ తెలుసుకున్నాకే అందులో పురుగు కోసం వెతకాలి.

ఇక అసలు ప్రశ్న. రెక్కే ఎందుకు? వానాకాలం మొదట్లో ఒక రాత్రి వరండా లైటు వేసి ఉంచు. ఉసిళ్ళు వస్తాయి, బల్లులు వస్తాయి. తెల్లారి చీపురు పట్టేసరికి నేల మీద ఏం మిగులుతుంది? రెక్కలు. ఒళ్ళు తినేవాళ్ళు చాలామంది, రెక్కను ఎవరూ తినరు. అందులో మాంసం లేదు, రెండు పలుచని పొరల మధ్య గట్టిపడ్డ గొట్టాలు, అంతే. గాలికి ఎగిరి చెరువులో పడితే తేలుతుంది, మెల్లగా మునుగుతుంది, బురద కప్పుకుంటుంది. 1920ల్లో ఆస్ట్రేలియాలోని బెల్‌మాంట్‌లో దొరికిన పెర్మియన్ శిలాజాల్ని వర్ణించిన టిల్‌యార్డ్ అనే పురుగుల శాస్త్రవేత్త చేతికి వచ్చినవీ ఎక్కువగా రెక్కలే. రెక్కతో గుర్తించడం మేం ఎంచుకున్న పద్ధతేం కాదు, దొరికేది అదే కాబట్టి నేర్చుకున్న విద్య.

ఇప్పుడు ఈనెలు. కొత్తవాళ్ళు చేసే తప్పు ఏంటంటే రెక్క మొత్తాన్ని ఒక ముగ్గులా చూసి, పుస్తకంలో ఏ బొమ్మతో పోలుతుందా అని వెతుకుతారు. అది పనికిరాదు. ఈనె ఎక్కడ కనిపిస్తుందన్నది కాదు, ఎక్కడ పుట్టిందన్నది చూడాలి.

మనవాళ్ళకు చెప్పడానికి సాగర్ ఎడమ కాలువను మించిన పోలిక నాకు దొరకలేదు. మిర్యాలగూడ ఆయకట్టులో ఎక్కడో పొలం మధ్య నిలబడి, ఎదురుగా పారే పిల్లకాలువను చూపించి ఇది ఏ మేజర్ (పెద్ద కాలువ నుంచి చీలే ఉపకాలువ) కిందిదో చెప్పమంటే కొత్తవాడెవడూ చెప్పలేడు. గట్టు వెంట వెనక్కి నడవాలి, తూము కనిపించేదాకా. రెక్కలోనూ అంతే. అంచు దగ్గర అన్ని ఈనెలూ ఒకేలా ఉంటాయి. వేలు పెట్టి మొదలు దాకా వెనక్కి వెళ్తేనే దాని పేరు తెలుస్తుంది.

పేర్లు పెద్ద కష్టమేం కాదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు 1898లో అన్ని పురుగుల రెక్కలకూ ఒకే పేర్ల వరస ప్రతిపాదించారు. కొద్ది మార్పులతో ఇప్పటికీ అదే వాడుతున్నాం. ముందంచు వెంబడి కోస్టా. దాని వెనుక సబ్‌కోస్టా. తర్వాత రేడియస్, అన్నిట్లోకీ బలమైనది, మన ఎడమ కాలువ అనుకో. దాన్నుంచి విడిపోయే పెద్ద మేజర్ రేడియల్ సెక్టార్. ఆ వెనుక మీడియా, క్యూబిటస్, చిట్టచివర ఒంటి పక్కన ఆనల్ ఈనెలు.

ఇంకో సాయం ఉంది. రెక్క చదునైన కాగితం కాదు, విసనకర్రలా మడతలు పడి ఉంటుంది. కొన్ని ఈనెలు గట్టు మీద నడుస్తాయి, కొన్ని పల్లంలో. సబ్‌కోస్టా పల్లం, రేడియస్ గట్టు. మీడియా వెనుక కొమ్మ పల్లం, క్యూబిటస్ ముందు కొమ్మ గట్టు, దాని వెనుక కొమ్మ మళ్ళీ పల్లం. ఈ వరస సులభంగా మారదు. మొదలు విరిగిపోయి, తూము దాకా నడవడానికి వీల్లేని రెక్కముక్క దొరికినప్పుడు నన్ను చాలాసార్లు కాపాడింది ఈ గట్టూ పల్లమే.

ఇది జాలరెక్కల పురుగేనని ఎట్లా తెలుస్తుంది? రేడియల్ సెక్టార్ నుంచి దువ్వెన పళ్ళలా వరసగా కొమ్మలు దిగుతాయి. కోస్టాకూ సబ్‌కోస్టాకూ మధ్య అడ్డ ఈనెలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. చాలావాటిలో ఈనెలు అంచుకు చేరే ముందు చిన్న చిన్న చీలికలు పడతాయి. రాయి సన్నని రేణువుల రకమైతే, ఈనెల కొసల మధ్య అంచు మీద ట్రైకోసోర్లు అనే చిన్న బొడిపెలు కూడా కనిపిస్తాయి. ఏదో ఒక్కటి చూసి తీర్పు చెప్పకూడదు. తూనీగ రెక్కలోనూ అడ్డ ఈనెలు బోలెడు. 1758లో లిన్నేయస్ ఈ జాలరెక్కల గుంపుకు న్యూరోప్టెరా అని పేరు పెట్టినప్పుడు తూనీగల్ని కూడా ఇందులోనే వేశాడు, తర్వాతివాళ్ళు వేరుచేశారు.

కుటుంబాల దగ్గరికి వస్తే అసలు మజా మొదలవుతుంది. మన పత్తిచేలోని పచ్చ పురుగునే తీసుకో. దాని ముందు రెక్క మధ్యలో కొస వైపుకు సాగే రెండు పొడవాటి ఈనెలు కనిపిస్తాయి. చూసినవాడెవడైనా ఒకటి మీడియా, ఒకటి క్యూబిటస్ అంటాడు. రెండూ అబద్ధపు ఈనెలే. వేర్వేరు ఈనెల ముక్కలు, మధ్యలో అడ్డ ఈనెలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే కాలువలా కనిపిస్తాయి. వెనక్కి నడిచినవాడికే ఆ అతుకులు తెలుస్తాయి. రాతిలో ఆ రెండు అబద్ధపు ఈనెలు పూర్తిగా ఏర్పడి కనిపిస్తే క్రైసోపిడే, అంటే ఈ పచ్చ పురుగుల కుటుంబం, గుర్తుకు రావాలి.

గోధుమరంగు చిన్న జాలరెక్కలు ఇంకో కుటుంబం, హెమరోబిడే. మిగతావాటిలో రేడియస్ నుంచి సెక్టార్ ఒకే తూము దగ్గర విడిపోతుంది. వీటి ముందు రెక్కలో మాత్రం ఆ కొమ్మలు రేడియస్ నుంచే రెండో మూడో అంతకంటే ఎక్కువో తూములుగా విడివిడిగా దిగుతున్నట్టుంటాయి. సైకాప్సిడే కుటుంబంలో సబ్‌కోస్టా, రేడియస్, సెక్టార్ మూడూ దగ్గరదగ్గరగా, సమాంతరంగా, రైలు పట్టాల్లా సాగుతాయి. మన గుడి అరుగుల కింద దుమ్ములో గరాటు గుంటలు తవ్వి చీమల కోసం కాచుక్కూర్చునే పురుగు ఉంది కదా, అది పెద్దదై రెక్కలొచ్చాక మిర్మెలియాంటిడే. దాని రెక్కలో సబ్‌కోస్టా, రేడియస్ కలిసిపోయిన చోటు కింద ఒక పొడవాటి సన్నని గది ఉంటుంది. దాని చుట్టం ఆస్కలాఫస్ గుంపులో ఆ గది పొట్టిది. బతికున్నప్పుడైతే మీసాల పొడవు చూసి చెప్పేస్తాం. రాతిలో మీసాలెక్కడివి? అందుకే ఆ ఒక్క గది మాకు అంత విలువైనది.

పూర్తిగా అంతరించిన కుటుంబాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కల్లిగ్రామాటిడే. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో దొరికినదానికి 1904లో కల్లిగ్రామా అని పేరు పెట్టారు. తర్వాత చైనాలో జురాసిక్, క్రిటేషియస్ రాళ్ళలో చాలా దొరికాయి. వెడల్పాటి రెక్కలు, కిక్కిరిసిన ఈనెలు, కొన్నింటి రెక్కల మీద సీతాకోకచిలుకలకున్నట్టు కంటి మచ్చలు, పూలలోంచి పీల్చడానికి పనికొచ్చే పొడుగు నోరు. అన్నీ సీతాకోకచిలుకలు పుట్టకముందే! బొమ్మ చూసి ముగ్గు పోల్చేవాడు దీన్ని కచ్చితంగా సీతాకోకచిలుక అంటాడు. కాలువ వెంట నడిచినవాడు మాత్రం కాదంటాడు. సీతాకోకచిలుకకు ఈనెలు తక్కువ, అడ్డ ఈనెలు ఇంకా తక్కువ.

నీ ప్రశ్న చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మాత్రం బెల్లినింఫా. చైనాలోని లోపలి మంగోలియాలో దావోహుగో అనే చోట, సుమారు 16.5 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికింది. 2010లో ప్రకటించారు. దాని రెక్కను దూరం నుంచి చూస్తే ఈత మట్టలాగా, మధ్యలో ఒక కాడ, రెండు పక్కలా పొడవాటి ఆకులు ఉన్నట్టుంటుంది. ఆ కాలపు చెట్ల ఆకుల్లో కలిసిపోయి దాక్కోవడానికి అట్లా తయారైంది. అది ఆకు కాదు రెక్క అని చెప్పింది మళ్ళీ ఈనెలే. నువ్వు రాతి గీతను చూసి రెక్క అనుకున్నావు, అక్కడ రెక్క తనను ఆకు అనుకోమని ఎదురుచూసింది.

ఇక జాగ్రత్తలు. ఇవి నా సొంత తప్పుల నుంచి నేర్చుకున్నవి కాబట్టి కాస్త ఎక్కువే చెప్తాను.

రాయిని పగలగొడితే రెండు ముక్కలొస్తాయి. ఒకదాంట్లో అచ్చు, ఇంకోదాంట్లో ఎదురచ్చు. ఎదురచ్చులో అంతా తారుమారు. ఎడమ రెక్క కుడి రెక్కలా కనిపిస్తుంది, గట్టు పల్లమవుతుంది, పల్లం గట్టవుతుంది. మొదట్లో ఒక మ్యూజియంలో పనిచేసినప్పుడు వేర్వేరు అరల్లో, వేర్వేరు నంబర్లతో రెండు రాళ్ళున్నాయి. ఒకటి ఎడమ రెక్క అని గీశాను. రెండోది కుడి రెక్క, పైగా రేడియస్ పల్లంలో ఉంది, ఇట్లాంటి విచిత్రం ఎక్కడా చూడలేదని వారం రోజులు సంబరపడ్డాను. అక్కడి పెద్దావిడ ఒకరు నా బొమ్మలు రెండూ చూసి, మాట మాట్లాడకుండా ఆ రెండు రాళ్ళు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టారు. డబ్బా మీద మూత పడ్డట్టు సరిపోయాయి. కొత్త జాతి గాలిలో కలిసిపోయింది. ఆ రోజు నుంచి గట్టూ పల్లం వరస మొత్తం తిరగబడి కనిపిస్తే మొదట అడిగే ప్రశ్న, దీని రెండో ముక్క ఎక్కడ అని.

వెలుతురు కూడా మోసం చేస్తుంది. ఫొటోలో దీపం ఏ వైపు నుంచి పడిందో తెలియకపోతే మన కన్ను గట్టును పల్లంగా చదువుతుంది. అందుకే ఎడమ పై మూల నుంచి దీపం పెట్టి ఫొటో తీయడం ఆనవాయితీ. దీపాన్ని బాగా కిందికి దించి పక్కవాటుగా వేస్తే, నిలువు వెలుతురులో కనిపించని ఈనెలు లేచి నిలబడతాయి. కొన్ని రాళ్ళ మీద రెండు చుక్కల ఆల్కహాల్ వేస్తే రెక్క రంగు, మచ్చలు ముదురుగా తేలతాయి, ఆరేలోపు ఫొటో తీసుకోవాలి. కానీ తడి రాతి మీద గట్టూ పల్లం కనిపించవు. అందుకని పొడిగా ఒకటి, తడిగా ఒకటి, రెండూ తీస్తాం.

ముందు రెక్క, వెనుక రెక్క ఒకే పురుగువే అయినా ఈనెలు వేరుగా ఉంటాయి. విడిగా దొరికిన వెనుక రెక్కకు వేరే పేరు పెట్టేయడం ఈ రంగంలో పాత జబ్బు. రాతి పొరలు నొక్కుకుపోయి సాగితే వెడల్పు రెక్క సన్నగా కనిపిస్తుంది, కాబట్టి రెక్క ఆకారాన్ని నమ్మి పేరు పెట్టొద్దు. కొలతలు సాగుతాయి, తూములు మాత్రం చోటు మారవు.

జాతి దగ్గర జంకు ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. చండూరు వైపు పత్తిచేల నుంచి తెచ్చిన గుడ్లను నేను డబ్బాల్లో పెంచేవాణ్ణి. ఆకు మీద సన్నని దారపు కొసన నిలబడే ఆ గుడ్లను చూసే ఉంటావు. ఒకే తల్లి పిల్లల రెక్కలు విప్పి అడ్డ ఈనెలు లెక్కపెడితే లెక్క కలిసేది కాదు. పిల్లకూ పిల్లకూ తేడా ఉంటే సరే, ఒకే పురుగు ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ ఒకటో రెండో తేడా వచ్చేది. ఒకదాని రెక్కలోనైతే ఒక కొమ్మ మధ్యలో చీలి మళ్ళీ కలిసిపోయింది. అదే రెక్క ఒక్కటే రాతిలో దొరికి ఉంటే? "ఈ చీలికను బట్టి కొత్త జాతి" అని ఎవరో ఒకరు రాసేవారు. అడ్డ ఈనెల సంఖ్యలో ఒకటి రెండు తేడాతో పెట్టిన జాతి పేరు కనిపిస్తే పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం వేసుకోవడం నాకు అలవాటు.

బొమ్మ గీసేటప్పుడు ఒక నియమం ఉంది. కంటికి కనిపించినదానికి నిండు గీత, విరిగిన చోట ఊహించినదానికి చుక్కల గీత. ఎవరి బొమ్మలోనైనా విరిగిన రెక్కకు చుక్కల గీతలే లేకపోతే ఆయన ఎంత పెద్దవాడైనా సరే నాకు అనుమానమే.

నీకు నిజంగా ఆసక్తి ఉంటే రాళ్ళతో మొదలుపెట్టకు. రాత్రి లైటు కిందికి వచ్చే పచ్చ పురుగు చచ్చి పడి ఉంటే తీసుకో. ముందు రెక్కను మొదలు విరక్కుండా పట్టకారుతో లాగు, నీళ్ళ సాసర్‌లో తేలించు, అదే చదునుగా పరుచుకుంటుంది. కింది నుంచి గాజు పలక పెట్టి ఎత్తి, ఆరాక ఇంకో పలక మూసి అంచులకు టేపు వేయి. పది రెట్ల భూతద్దం చాలు. పెద్ద కాగితం మీద గీయి, ప్రతి ఈనెనూ అంచు నుంచి మొదలు దాకా వెనక్కి నడిపించి పేరు రాయి. ఆ అబద్ధపు ఈనెలు రెండూ ఎక్కడెక్కడ అతుక్కున్నాయో నువ్వే పట్టుకునేదాకా బొమ్మ మార్చి మార్చి గీయి. నాకు నాలుగు రోజులు పట్టింది, నీకు ఇంకా తొందరగా రావచ్చు. గీసిన బొమ్మ ఇక్కడ పెట్టు, తప్పులుంటే చెప్తాను. బండ ఫొటో కూడా పెట్టు, పక్కన రూపాయి బిళ్ళ ఉంచి, సాయంత్రం ఏటవాలు ఎండలో తీసి. డెండ్రైట్ అయినా చూడ్డానికి అందంగా ఉంటుంది, పైగా మా మేనత్త ఇంటి అరుగు ఇప్పుడు లేదు.